సొంత పిల్లలకైతే చెప్పుకోవచ్చు

పాఠశాలల తనిఖీ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ పరీక్ష రాస్తే ఏ మెట్టు ఎక్కవచ్చో, ఏ అధికారిని ఎలా మెప్పించాలో అడుగుతారు. అవి నాకు అప్పుడే సరిగా తెలియవు, ఇప్పుడు అసలే గుర్తులేవు. గుర్తున్నవి వేరే. నిజాం కాలంలో నేను దేవరకొండ తాలూకాలో బడుల తనిఖీదారుగా ఉన్నప్పటివి. పిల్లలకు చదువు అందేలా చూడటం మా పని అనుకుని చేరినవాణ్ణి. ఎవరి ఇంట్లో ఎవరు చదువు చెబుతున్నారో కనిపెట్టి ఆపించడం కూడా మా పనేనని చేరాక తెలిసింది. అది విన్నప్పుడు మా పై గుమాస్తా హాస్యమాడుతున్నాడనుకున్నాను. ఆయన హాస్యమాడే మనిషి కాదు.

ఏది ఇల్లు, ఏది బడి

నిబంధన చూడటానికి చిన్నదే. సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, లేకుండా ఎవరూ ఖాన్గీ బడి నడపకూడదు. ఖాన్గీ అంటే సొంతంగా పెట్టుకున్నది. అర్జీ పెట్టుకోవచ్చు, కానీ జవాబు వచ్చేసరికి పిల్లలకు మీసాలు మొలిచేవి. సర్కారు బడిలో చదువంతా ఉర్దూ. ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెలుగు అక్షరాలు కావాలంటే ఇంటి అరుగు మీద నేర్చుకోవలసిందే. సొంత పిల్లలకు ఇంట్లో చెప్పుకోవడానికి అడ్డు లేదు. కానీ పరాయి పిల్లవాడు ఒక్కడు పలక పట్టుకుని వచ్చి కూర్చుంటే ఆ అరుగు బడి అయిపోతుంది. ఇజాజత్ లేని బడి.

మరి పరాయి ఎవరు? అన్న కొడుకు పరాయా? చెల్లెలి కూతురు? పై అధికారులు ఒక కొలత పెట్టారు. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం.

మా సొంతూరు కోస్గిలో నాకు దూరపు చుట్టాలైన అన్నదమ్ములు ఉండేవారు. వేరుపడి చాలా ఏళ్లయింది. అన్నకు చదువు వచ్చు, తమ్ముడికి రాదు. తమ్ముడి పిల్లలు అన్న దగ్గర చదువుకోవాలంటే పొయ్యి ఒకటి కావాలి. గోడ కూల్చి మళ్లీ ఒక ఇల్లయ్యారు. ముఖాలు చూసుకోవడం మానేసిన తోడికోడళ్లు ఒకే కుండలో ఎసరు పెట్టవలసి వచ్చింది. "పిల్లలకు సదువు, మాకు సజా" అని చిన్నకోడలు నాతో అన్నది. సజా అంటే శిక్ష. అప్పుడు నవ్వుకున్నాను. దేవరకొండ వెళ్లాక నవ్వు రాలేదు.

దానియేలు అరుగు

దేవరకొండకు ఒక పూట బండి ప్రయాణం దూరంలో ఒక పల్లె. ఊరి బయట వాడలో దానియేలు అనే కూలిమనిషి ఉండేవాడు. చిన్నప్పుడు ఒక మిషన్ దవాఖానలో ఊడ్చే పనికి కుదిరి, అక్కడ తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాడు. భార్య పేరు మార్త. ఒక్కతే కూతురు. ఊళ్లో సర్కారు బడి ఉంది కానీ వాడ పిల్లలు గడప లోపలికి రాకూడదు. చూరు కింద కూర్చుని, పంతులుగారి ఎడ్లకు గడ్డి వేసి, వినబడినంత వినాలి. అందుకే దానియేలు తన అరుగు మీద కూతురితోపాటు వాడ పిల్లలందరికీ చెప్పేవాడు.

నాకు ముందున్న తనిఖీదారు ఆ అరుగు మీద పిల్లలను చూసి, ఒక్కొక్కరినీ "పొద్దున ఏ ఇంట్ల తిన్నవ్?" అని అడిగాడట. పిల్లలు ఉన్నదున్నట్టు చెప్పారు. పలకలు పగలగొట్టించి, ఇకపై సొంత బిడ్డకు తప్ప ఎవరికీ చెప్పనని దానియేలు చేత ముచ్చలిక, అంటే హామీపత్రం, రాయించుకుని వెళ్లాడు. తరువాత నేను వచ్చాను. కొన్నాళ్లకు ఆ ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ నుంచి ఫిర్యాదు వచ్చింది, దానియేలు మళ్లీ పరాయి పిల్లవాడికి చెబుతున్నాడని.

నేను వెళ్లేసరికి అరుగు మీద ఇద్దరు పిల్లలున్నారు. దానియేలు కూతురు, ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. దానియేలు లేచి తలగుడ్డ తీశాడు.

"ఈ పిల్లగాడెవరు?" అని అడిగాను.

"మా పిల్లగాడే అయ్యా."

"నీకు బిడ్డ ఒక్కతే అని మా దగ్గర రాసి ఉన్నది."

"అప్పుడు ఒక్కతే అయ్యా. ఇప్పుడు ఈణ్ణి సాదుకుంటున్నం."

పిల్లవాడిని పేరు అడిగాను. నర్సిములు అన్నాడు. నాయిన పేరు అడిగితే దానియేలు అన్నాడు. అమ్మ పేరు అడిగాను. వాడి కళ్లు సందుకు అవతలి గుడిసె వైపు పోయాయి. అక్కడ ఒక ఆడమనిషి గడపలో కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతున్నది. పిల్లవాడు కళ్లు దించుకుని, ఒప్పగించినట్టు, "మార్త" అన్నాడు. అవతల చాట చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

నేను సందు దాటి ఆమె దగ్గరికి వెళ్లాను. "ఆ పిల్లగాడు ఎవరి కొడుకమ్మా?"

"వాళ్ల కొడుకే సాబ్." తల ఎత్తలేదు.

"నీకు పిల్లలున్నరా?"

"లేరు సాబ్."

నా వెనకనే వచ్చిన మార్త ఇక ఉండబట్టలేకపోయింది. "గట్లనకు బాలమ్మా. కడుపున కన్నదానివి. సాబ్‌కు ఉన్నది చెప్పు. చంపడు కదా" అన్నది.

అప్పుడు తెలిసింది. బాలమ్మ భర్త జ్వరంతో పోయాడు. పట్వారీ పిల్లవాణ్ణి తన పశువుల కాపలాకు పంపమన్నాడు. దానియేలు దగ్గర చదివిద్దామంటే ముచ్చలిక అడ్డం. సొంత బిడ్డకైతే చెప్పుకోవచ్చు కదా అని, కులపెద్దలను పిలిచి వాళ్ల ముందర కొడుకును మార్త ఒళ్లో కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి వాడు తన ఇంట్లో ముద్ద తినకూడదని, తన గడప తొక్కకూడదని తానే కట్టడి పెట్టింది. ఎవరైనా వచ్చి పొద్దున ఎక్కడ తిన్నావని అడిగితే వాడు అబద్ధం ఆడవలసిన అవసరం లేకుండా.

"అంత పట్టింపు ఎందుకమ్మా, పక్కిల్లే కదా" అన్నాను.

"పక్కిల్లే సాబ్. వాడు దగ్గితే ఇనబడతది. లేసి పోను. ఒక్కసారి పోతే మల్ల ఆగలేను" అన్నది. మళ్లీ, "పట్వారీ ఏం చదివితే గదే నిజమైతాంది మాకు. నా కొడుకన్న తన కండ్లతోని సూసుకొని చదవాలె" అన్నది.

తిరుగు దారిలో ఎడ్లు వాటంతట అవే నడుస్తున్నాయి. బండివాడు ఏదో అడుగుతున్నాడు. నాకు వినబడటం లేదు. అప్పటికే నాకూ ఇద్దరు పిల్లలు. అక్షరాల కోసం కన్నకొడుకును ఇచ్చేసిన మనిషిని అంతకుముందు చూడలేదు. అక్షరాలు నేర్పే శాఖలో జీతం తీసుకుంటున్నవాణ్ణి, ఆమె నా శాఖకు భయపడే ఇచ్చేసిందన్నది నాకు మింగుడుపడలేదు. అక్కడ ఉన్నది సాదుకున్న కొడుకని, పరాయివాడు కాడని మా అధికారికి చెప్పి, విషయం అక్కడితో తీరిందనుకున్నాను. పట్వారీ తీరనివ్వలేదు. పైకి మళ్లీ ఫిర్యాదు పెట్టాడు.

మొహతమీం సాబ్

మా జిల్లా విద్యాధికారిని మొహతమీం సాబ్ అనేవాళ్లం. మీరు ఇంతవరకు చదివి, ఆయన రాక్షసుడై ఉంటాడని అనుకుంటారు. కాదు. నా ఉద్యోగంలో అంత మెత్తటి మనిషి కింద నేను మళ్లీ పనిచేయలేదు. దౌరాకు, అంటే ఊళ్ల తనిఖీకి, వచ్చినప్పుడు గుర్రం దిగి, మోకాళ్ల మీద వంగి పిల్లల పేర్లు అడిగేవాడు. బెత్తం కనబడితే పంతులును పక్కకు తీసుకెళ్లి మందలించేవాడు. తన ఇంట్లో కూతుళ్లకు తెల్లవారుజామున తానే పాఠాలు చెప్పుకునేవాడు. ఈ నిబంధన ఎందుకని ఒకసారి అడిగాను. "ప్రతి అరుగూ బడి అయితే, ఏ అరుగు మీద ఏం చెబుతున్నారో సర్కారుకు ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. ఆయన భయం అక్షరాల మీద కాదు, అరుగుల మీద నలుగురు చేరి మాట్లాడుకునే మాటల మీద. ఆ రోజుల్లో ఆ భయం చాలామంది పెద్ద ఉద్యోగులకు ఉండేది.

దేవరకొండలో ఖిల్లా కింది డాక్ బంగ్లాలో మకాం ఉన్నప్పుడు దానియేలును, మార్తను, బాలమ్మను పిలిపించాడు. వరండాలో వాళ్లు కింద కూర్చున్నారు. ఆయన ఉర్దూలో చెబుతుంటే తెలుగులోకి చెప్పడం నా పని.

అంతా విన్నాడు. కోపం లేదు. పిల్లవాడికి లెక్క విడమరచినట్టు చెప్పాడు. "ఈ మనిషి ఇసాయీ, క్రైస్తవుడు. ఇసాయీలకు దత్తత కానూన్ లేదు. మా ముసల్మానులకూ లేదు. హిందువులకే ఉంది. పెంచుకున్నది ఇతను గనుక ఆ దత్తత చెల్లదు. చెల్లకపోతే పిల్లవాడు ఇతని కొడుకు కాడు. పరాయివాడే. ఒకే పొయ్యి అన్న లెక్క చుట్టాలకే."

చెప్పాను. దానియేలుకు అంతా అర్థమైంది. బాలమ్మకు సగమే అర్థమైంది.

"అంటే ఏమైతది సాబ్?"

"పిల్లగాడు అక్కడ చదువుకోవద్దమ్మా."

"మరి ఎట్లయితే చదువుకోవచ్చు?"

ఆ ప్రశ్న మొహతమీం సాబ్‌కు నచ్చింది. ప్రశ్నకు జవాబు వెతకడం ఆయనకు అలవాటు. "తల్లీదండ్రీ లేని పిల్లవాణ్ణి సాకేవాడు వాడికి సంరక్షకుడు. సంరక్షకుడు ఇంట్లో చదువు చెప్పుకోవచ్చు. కానీ ఇక్కడ తల్లి ఉంది."

నేను ఆ మాట చెప్పడం ముగించకముందే బాలమ్మ అన్నది, "నేను సచ్చిపోయిన అని రాసుకోండ్రి."

మార్త కొంగు నోట్లో కుక్కుకుంది. దానియేలు నేల చూస్తున్నాడు. నేను తెలుగులోంచి ఉర్దూలోకి మార్చలేదు. మొహతమీం సాబ్, "ఏమంటున్నది?" అని రెట్టించి అడిగాక చెప్పవలసి వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తౌబా అని గొణుక్కున్నాడు.

"బతికున్న మనిషిని చనిపోయిందని నేను రాయలేనమ్మా" అన్నాడు. ఆమె ముందు "అమ్మా" అనే తెలుగు మాట ఆయన నోటి నుంచి వచ్చింది. వరండా చివరిదాకా నడిచి, ఖిల్లా గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వచ్చినప్పుడు ముఖం తేటపడింది. దారి దొరికిన మనిషి ముఖం. "చనిపోనక్కరలేదు. తండ్రి లేక, తల్లి లాపతా అయినా చాలు. కానూన్ ఒప్పుకుంటుంది" అన్నాడు.

ఆయన దయతోనే అన్నాడు. అది నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ మాటను నేను తెలుగులోకి మార్చలేదు. మార్చవలసిన అవసరమూ లేకపోయింది. లాపతా మా దిక్కు అందరికీ తెలిసిన మాట. తప్పిపోయిన దూడనూ లాపతా అయిందనే అంటారు.

"లాపతా అంటే నేను ఊర్ల లేకుంటే చాలునా సాబ్?" అని బాలమ్మ నన్నడిగింది.

మొహతమీం సాబ్‌కు ప్రశ్న అందింది. "జాడ ఎవరికీ తెలియకూడదు" అన్నాడు.

"గంతేనా" అన్నది బాలమ్మ. దానికంటే పెద్దది అడుగుతారనుకుని వచ్చినట్టున్నది ఆ గొంతు. దండం పెట్టి లేచింది.

వాళ్లు వెళ్లాక, "ఆ తల్లికి విషయం అర్థమైందంటారా?" అని ఆయన నన్నడిగాడు. ఆమెకు అర్థమైనంత మాకిద్దరికీ అర్థం కాలేదు.

కంప వేసిన గుడిసె

మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు బాలమ్మ గుడిసె గడపకు అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. దానియేలు అరుగు మీద పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు. దానియేలు నన్ను పక్కకు పిలిచాడు.

"పోయింది సాబ్. పాలమూరు దిక్కు మన్ను పనికి పోయే గుంపుల కలిసి..." అని ఆగిపోయాడు. వెంటనే మాట మార్చి, "ఎటు పోయిందో మాకు తెల్వదు సాబ్" అన్నాడు. జాడ తెలిస్తే లాపతా కాదు కదా.

"పిల్లగానికి ఏం చెప్పిన్రు?"

"పోయిందని చెప్పినం. ఎందుకు పోయిందో చెప్పలే. చిన్న పోరడు, ఎవరన్న గుచ్చి అడిగితే నోరు జారుతడు."

ఊళ్లో వేరే మాట పుట్టింది. బాలమ్మ మట్టిపని మేస్త్రితో లేచిపోయిందన్నారు. దానియేలూ, మార్తా ఆ మాటను కాదనలేదు. ఆ మాట నిలబడినన్నాళ్లు ఆమె లాపతాయే. మార్త నాకు మంచినీళ్లు ఇస్తూ, "దేవుడు నన్ను క్షమిస్తడో లేదో సాబ్. గామెను గంత మాటంటుంటే ఇని ఊకున్న" అన్నది.

మొహతమీం సాబ్‌కు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను ఆమెను వెళ్లమనలేదు" అన్నాడు.

"అనలేదు సాబ్."

"దారి ఉందని చెప్పాను. అంతే."

తరువాత ఆయన ఆ పల్లె పేరు నా దగ్గర ఎత్తలేదు. బదిలీ అయి వెళ్లిపోయాడు. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగినది ఇదొక్కటే. చెడ్డ అధికారి చేతిలో చెడ్డ నిబంధన ఉంటే జనం తప్పించుకునే దారి వెతుక్కుంటారు, లంచమో అబద్ధమో. మంచివాడి చేతిలో అదే నిబంధన ఉంటే నమ్మి, అతడు చెప్పినట్టే నడుచుకుంటారు. నేను చూసిన ఘోరాల్లో ఎక్కువ రెండో రకానివి.

బాలమ్మ అడిగినది

కొన్నేళ్లకు నిజాం పాలన పోయింది. మధ్యలో గడిచిన గడ్డు రోజుల్లో ఎవరి అరుగు మీద ఏం చదువుతున్నారో చూసే తీరిక ఎవరికీ లేదు. కొత్త అధికారులు వచ్చారు. ఇంటి చదువుల మీద పాత ఆంక్షలు ఇక లేవన్నారు. ఆ చలికాలం ఒక పొద్దున దేవరకొండ కచేరీలో ఉన్నాను. మూట పట్టుకుని ఒక ఆడమనిషి గుమ్మం దగ్గర నిలబడింది. తల సగం నెరిసింది, ఒక చేతి వేళ్లు సరిగా ముడుచుకోవడం లేదు. గొంతు విన్నాక గుర్తుపట్టాను.

"సాబ్, గా కానూన్ ఉన్నదా, పోయిందా?"

"పోయిందమ్మా."

"పోయిందని అందరంటున్నరు. నమ్మబుద్ధి కాలే. మిమ్మల్ని అడిగినంకనే పోదామని వచ్చిన. నేను ఊర్లెకు పోవచ్చునా సాబ్?"

తన ఊరికి తాను వెళ్లడానికి బడుల తనిఖీదారును అడుగుతున్నది. కచేరీ మూసి, బండి కట్టించి, నేనే తీసుకెళ్లాను. దారి పొడుగునా ఒక్కటే అడిగింది, "చదువుతున్నడా సాబ్?" ఎలా ఉన్నాడని అడగలేదు. చదువుతున్నాడంటే చాలు, మళ్లీ కొంతసేపటికి అదే ప్రశ్న.

తరువాతి సంగతి ముందే చెప్పేస్తాను. నర్సిములు పెద్దవాడై ఉపాధ్యాయుడయ్యాడు. మోత్కూర్‌లో చాలాకాలం పనిచేశాడు. బాలమ్మ చివరిదాకా అతని దగ్గరే ఉంది. దానియేలూ, మార్తా ముసలితనంలో అతని ఇంటికే వచ్చారు. అంతా బాగానే ముగిసిందని ఎవరైనా అంటే నేను కాదనను. కానీ ఆ రోజు నేను చూసింది వేరు.

మేం వెళ్లేసరికి దానియేలు అరుగు నిండా పిల్లలు. నర్సిములు వాళ్లకు గుణింతం చెబుతున్నాడు. దానియేలు కంటే పొడుగయ్యాడు. సందులో నిలబడ్డ మనిషిని చూడగానే గుర్తుపట్టాడు, ముఖంలో తెలిసింది. లేవలేదు.

"మేస్త్రి రాలేదా?" అన్నాడు.

బాలమ్మకు అర్థం కాలేదు. "ఏ మేస్త్రి?" అని నా వైపు, మార్త వైపు చూసింది. మార్త గోడకు తల ఆనించి ఏడుస్తున్నది. దానియేలు తల మీది గుడ్డ తీసి చేతిలో పట్టుకుని, పిల్లలందరి ముందరే, జరిగిందంతా చెప్పాడు. ముచ్చలిక, ఒళ్లో కూర్చోబెట్టింది, డాక్ బంగ్లా, లాపతా మాట. ఒక్కటీ దాచలేదు.

నర్సిములు విన్నాడు. ముందు దానియేలును అడిగాడు. "ఇన్నేండ్లు నేను మా అమ్మను తిట్టుకుంటుంటే సూసుకుంట ఉన్నవా బాపు?"

దానియేలు చేతిలోని గుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు.

నర్సిములు తల్లి వైపు తిరిగాడు. "నన్నొక్క మాట అడిగినవా? అడిగితే సదువద్దు, ఏమొద్దు, నువ్వే కావాలె అంటుంటి."

"గట్లంటవని తెలుసు బిడ్డా" అన్నది బాలమ్మ. "అందుకే అడగలే."

అతడు ఆమెను ముట్టుకోలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగుతున్నంతసేపూ అక్కడే నిలబడ్డాడు. చెంబు తిరిగి తీసుకుంటూ, ఇంటికి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు, "ఎన్ని దినాలుంటవ్?" అని అడిగాడు.

ఆమె కొడుకు వైపు చూడలేదు. నా వైపు చూసింది, ఎన్ని రోజులో నేను చెప్పాలన్నట్టు.